మైకు మోగని మధ్యాహ్నం

ఆ స్టేషన్‌లో ఏముంటాయని ఎవరైనా అడిగితే మేమంతా ఒకే వరసలో చెప్పేవాళ్ళం. సముద్రపు నీటిని పంపుతో తోడి నింపే తొట్లు, చేపపిల్లల్ని పెంచే షెడ్డు, ఫార్మలిన్ సీసాల మ్యూజియం, ఇంగ్లీషు పుస్తకాల లైబ్రరీ, పరిశోధన బోటు, ఏసీ సెమినార్ హాలు, కిటికీలోంచి సముద్రం కనిపించే గెస్ట్‌హౌస్. గేటు పక్కన పెట్టిన బోర్డు మీద కూడా ఇదే వరస. అన్నిటికంటే కింద, కొంచెం చిన్న అక్షరాల్లో, 'మత్స్యకారులకు వాతావరణ హెచ్చరికల సేవ' అని ఉండేది. ఆ చివరి లైను నేనే.

మాది నిడదవోలు. నేను ఆ ఉద్యోగంలో చేరేనాటికి అదింకా పశ్చిమ గోదావరిలోనే ఉంది. నాన్న లూథరన్ మిషన్ బడిలో టీచరుగా చేసి రిటైరయ్యారు. నేను రాజమండ్రిలో జువాలజీ చదివాను. కాకినాడ నుంచి ఉప్పాడ వెళ్ళే బీచ్ రోడ్డు మీద, సముద్రం పక్కనే ఆఫీసు, కాంట్రాక్టు ఉద్యోగమే అయినా పరిశోధన సంస్థ అంటే నాన్న చాలా సంతోషించారు. చర్చిలో అందరికీ చెప్పారు. నేను చేపల మీద పరిశోధన చేస్తానని ఆయన అనుకున్నారు. నేనూ అలాగే అనుకున్నాను.

చేరిన వారంలోనే నన్ను పంపు హౌస్ పక్క గదిలో కూర్చోబెట్టారు. ఆ గదిలో ఒక కంప్యూటరు, ఒక యాంప్లిఫయర్ పెట్టె, ఒక మైకు. గది పైకప్పు మీద సముద్రం వైపు ఒకటి, పల్లె వైపు ఒకటి రెండు హారన్లు. రోజూ వాతావరణ కేంద్రం నుంచి వచ్చే సమాచారం చూసి, అలలు ఎలా ఉంటాయో, గాలి ఎటు నుంచి వీస్తుందో, చేపలు ఎటు దొరికే అవకాశం ఉందో తెలుగులో చదవాలి. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం బోట్లు మళ్ళీ వేటకు బయల్దేరే ముందు ఒకసారి.

మొదట్లో నా ముందు పెట్టిన కాగితంలో ఎలా ఉంటే అలా చదివేదాన్ని. "తీరప్రాంత మత్స్యకారులకు విజ్ఞప్తి. వాయువ్య దిశగా వీచే గాలుల వేగం..." ఇలా. ఒకరోజు భోజనానికి క్యాంటీన్‌కి వెళ్తే, అక్కడ వంట చేసే ఆవిడ నా పళ్ళెంలో పులుసు పోస్తూ నవ్వింది.

"ఏంటండి మేడంగారూ, ఆ మైకులో మీరు మాట్లాడేది మాతోనేనా?"

"మీతోనే. ఎందుకలా అడుగుతున్నారు?"

"కలెక్టరుగారితో మాట్లాడుతున్నారేమో అనుకున్నామండి."

పక్కన అంట్లు తోముతున్నావిడ కూడా నవ్వింది. నాకు సిగ్గేసింది కానీ మర్నాటి నుంచి మానేశాను. "అందరికీ నమస్కారమండి. ఇవాళ సముద్రం బాగానే ఉంది, సాయంత్రానికి మాత్రం గాలి పెరుగుతుంది, దూరం వెళ్ళేవాళ్ళు ఆలోచించుకోండి" అని ఇంట్లో వాళ్ళకి చెప్పినట్టు చెప్పడం మొదలుపెట్టాను. పల్లెలో ఆడవాళ్ళు బజారులో కనిపిస్తే "మైకు మేడంగారు" అని పిలిచేవాళ్ళు. నా అసలు పేరు వాళ్ళెవరికీ తెలియదనే అనుకుంటాను.

వంట చేసే ఆవిడది మా కాంపౌండ్ గోడ అవతల పల్లె. నాకంటే పదేళ్ళు పెద్దదేమో. నేను అక్కా అనేదాన్ని. గెస్ట్‌హౌస్‌కి ఎవరొచ్చినా ఆమె చేసిన వంజరం వేపుడు, చందువ పులుసు తిన్నాకే వెళ్ళేవాళ్ళు. ఆమె భర్తది ఫైబర్ బోటు. బావమరిదితో, అంటే అక్క తమ్ముడితో, కలిసి వేటకి వెళ్ళేవాడు. ఆయన మా గేటు దాటి లోపలికి వచ్చేవాడు కాదు. వంటకి చేపలు తెచ్చినా గేటు దగ్గరే నిలబడి, వాచ్‌మన్‌తో కబురు పంపేవాడు. ఒకసారి నేను బయటికి వెళ్తుంటే ఆపి అడిగాడు.

"జలుబు చేసిందా అండి మీకు?"

"ఎలా తెలిసింది?"

"నిన్న మైకులో గొంతు వేరేగా వచ్చిందండి. మిరియాల పాలు తాగండి."

అంత దూరం నుంచి, ఇంజను చప్పుడులో, అలల హోరులో, నా గొంతు మారిందని పట్టుకున్నాడు. ఆ రోజు హాస్టల్ గదికి వెళ్ళాక నాన్నకి ఫోన్ చేసి చెప్పాను. నేను పరిశోధన చేయడం లేదని ఆయనకి చెప్పింది కూడా ఆ రోజే. "గొంతు గుర్తుపట్టేంతగా వింటున్నారంటే చిన్న పనేం కాదమ్మా" అన్నారు నాన్న.

నాలుగేళ్ళు అలా గడిచాయి. నేను చెప్పిన మాట విని వాళ్ళు ఆగిపోయిన రోజులు ఎన్నో ఉన్నాయి. కొన్నిసార్లు గాలి వచ్చేది కాదు, అనవసరంగా ఒక రోజు వేట పోయిందని విసుక్కునేవాళ్ళు. అయినా మళ్ళీ హారన్ గరగరమంటే వలలు సర్దుకుంటున్న చేతులు ఆపి తలలెత్తి వినేవాళ్ళు. నేను కిటికీలోంచి చూసేదాన్ని.

తర్వాత స్టేషన్‌కి కొత్త డైరెక్టర్ వచ్చారు. మంచి చదువున్న మనిషి, నెమ్మదిగా మాట్లాడేవారు, ఎవరినీ కసురుకునేవారు కాదు. ఆయన్ని తిట్టుకోవడం నాకు కష్టంగా ఉండేది అందుకే. ఆయనకి స్టేషన్ బాగా కనిపించాలి. గెస్ట్‌హౌస్‌కి కొత్త టైల్స్ వేయించారు, సముద్రం వైపు గదులకి పెద్ద అద్దాలు పెట్టించారు, సెమినార్ హాలుకి కుషన్ కుర్చీలు తెప్పించారు. బయటి నుంచి శాస్త్రవేత్తలు, ఆఫీసర్లు, వాళ్ళ కుటుంబాలు రావడం పెరిగింది. వాళ్ళ ఆడవాళ్ళని ఉప్పాడ చీరల మగ్గాల దగ్గరికి తీసుకెళ్ళే పని నాకు పడేది. మగవాళ్ళ కోసం స్టేషన్ జీపు యానాం వెళ్ళొచ్చేది. పరిశోధన బోటు సముద్రంలోకి వెళ్ళిన దానికంటే ఆ జీపు యానాం వెళ్ళిందే ఎక్కువ అని డ్రైవరే అనేవాడు. బోటు ఇంజను ఎప్పుడూ రిపేరులోనే ఉండేది.

గెస్ట్‌హౌస్‌లో దిగినవాళ్ళకి నా మైకు ఇబ్బందయింది. పొద్దున్నే హారన్ మోగితే నిద్ర పాడవుతోందని ఎవరో పెద్దాయన ఫిర్యాదు చేశారట. డైరెక్టర్‌గారు నన్ను పిలిచారు.

"ఏమ్మా, ఇప్పుడు అందరి దగ్గరా ఫోన్లున్నాయి కదా. ఈ మైకు ఇంకా ఎందుకు?"

"ఫోన్లు ఇళ్ళలో ఉంటాయి సార్. సముద్రంలోకి తీసుకెళ్తే తడిసిపోతాయని చాలామంది తీసుకెళ్ళరు. మెసేజ్ చదవడం కూడా అందరికీ రాదు."

"అలవాటు చేయాలమ్మా. మనం ఎన్నాళ్ళని ఇలా టముకు వేసుకుంటూ కూర్చుంటాం?"

ఆయన టముకు అన్న మాట నాకు గుచ్చుకుంది. అది నా మనసులో పెట్టుకోకుండా, కనీసం తుఫాను హెచ్చరికలైనా మైకులో చెప్పనివ్వండి అని అడిగాను. ఆలోచించి, సరే అన్నారు. మర్నాడు ఆయనే స్వయంగా పల్లెకి వచ్చి, ఇసుకలో కుర్చీలు వేయించి మీటింగు పెట్టారు. ఇకనుంచి రోజువారీ సమాచారం ఫోన్లకి మెసేజ్‌గా వస్తుందని చెప్పారు. ఒక ముసలాయన లేచి, "మరి గాలివాన వస్తే ఎలాగండి" అని అడిగాడు.

"ప్రమాదం ఉన్న రోజున తప్పకుండా మైకులోనే చెప్తాం. మైకు మోగకపోతే సముద్రం బాగుందని లెక్క. నిశ్చింతగా వెళ్ళండి" అన్నారు డైరెక్టర్‌గారు.

ఆ మాట నేను విన్నాను. అక్క భర్త నా పక్కనే నిలబడి విన్నాడు. పల్లె అంతా విన్నది. అందరూ తలలూపారు. ఇంటికో ఫోన్ నంబరు రాయించుకున్నారు. మెసేజ్ పంపే కంప్యూటరు ప్రోగ్రాం ఎక్కడో పైనుంచి వచ్చింది. తెలుగులో పంపితే చాలా ఫోన్లలో అక్షరాల బదులు డబ్బాలు పడేవి. ఇంగ్లీషులో పంపమన్నారు. ఇంగ్లీషు పల్లెలో ఎవరికీ రాదని నేను చెప్పాను, విన్నారు, పైకి రాస్తామన్నారు.

కార్తీక మాసం దాటాక ఒక పెద్ద సెమినార్ పెట్టారు. విషయం తీరప్రాంత ప్రజలకి శాస్త్రం అందించాల్సిన సేవలు. ఢిల్లీ నుంచి, చెన్నై నుంచి చాలామంది వచ్చారు. గెస్ట్‌హౌస్ నిండిపోయింది. క్యాంటీన్‌లో అక్కకి తోడుగా ఇంకో ఇద్దరు ఆడవాళ్ళని పెట్టారు. ఆ రోజు పొద్దున ఆకాశం బాగుంది. ఎండ కూడా కాసింది. సముద్రం బల్లపరుపుగా ఉంది.

నేను ఆ రోజు ఆఫీసుకి కొంచెం ఆలస్యంగా వెళ్ళాను, అతిథులకి బ్యాడ్జీలు పంచే పని నాకే అప్పగించారు కాబట్టి. అది అయ్యాక గదికి వచ్చేసరికి మధ్యాహ్నం కావస్తోంది. కంప్యూటరులో హెచ్చరిక వచ్చి ఉంది. అల్పపీడనం అనుకున్న దానికంటే ముందే బలపడుతోంది, సాయంత్రం నుంచి ఈదురుగాలులు, వేటకి వెళ్ళకూడదు, వెళ్ళినవాళ్ళు వెనక్కి రావాలి. నేను చేయి చాపి యాంప్లిఫయర్ స్విచ్ వేయబోయాను. పెట్టె అక్కడ లేదు. మైకూ లేదు. గోడ నుంచి తీగలు మాత్రం వేలాడుతున్నాయి.

పంపు ఆపరేటర్ని అడిగాను. "సెమినార్ హాల్లో సౌండ్ సిస్టం పాడైందంటండి. పొద్దున ఎలక్ట్రీషియన్ వచ్చి ఇది పట్టుకెళ్ళాడు. సార్ చెప్పారట" అన్నాడు.

ముందు మెసేజ్ పంపాను. అది అలవాటుగా చేతులు చేసేశాయి. తర్వాత సెమినార్ హాలుకి పరిగెత్తాను. తలుపు దగ్గర మా ఆఫీసు సూపరింటెండెంటు నిలబడి ఉన్నాడు. లోపల ఎవరో ఉపన్యసిస్తున్నారు. నా మైకులోంచి ఆ గొంతు స్పష్టంగా వినిపిస్తోంది.

"సార్, ఆ యాంప్లిఫయర్ కావాలి. వార్నింగ్ వచ్చింది."

"ఇప్పుడా? చీఫ్ గెస్ట్ మాట్లాడుతున్నారు."

"పది నిమిషాలు ఇస్తే చాలు సార్. బోట్లు వెళ్ళిపోతాయి."

"మెసేజ్ పెట్టావా?"

"పెట్టాను."

"పెట్టావు కదా మరి. లంచ్ బ్రేక్‌లో సార్‌తో చెప్తాను."

తలుపు సందులోంచి డైరెక్టర్‌గారు కనిపించారు. మొదటి వరసలో కూర్చుని ఉన్నారు. నా వైపు చూశారు. చేత్తో, తర్వాత, అన్నట్టు సైగ చేశారు. ఆయనకి సంగతేంటో తెలియదని నాకు తెలుసు. తెలుసుకోవడానికి లేచి రావలసింది, రాలేదు.

నేను ఒడ్డుకి పరిగెత్తాను. బీచ్ రోడ్డు ఆ ఏడాది సగం కోసుకుపోయి ఉంది, అడ్డంగా వేసిన బండరాళ్ళ మీంచి దిగాలి. చెప్పులు చేత్తో పట్టుకుని దిగాను. ఒడ్డున రెండు బోట్లు నీళ్ళలోకి నెడుతున్నారు. వెళ్ళొద్దని అరిచాను. "మైకు మోగలేదు కదండీ" అన్నాడు ఒకతను. మైకు లేదు, తీసేశారు, గాలి వస్తోంది, నా మాట నమ్మండి అని చెప్పాను. నా మొహం చూసి ఆగారు. బోటు మళ్ళీ ఇసుక మీదికి లాగారు.

అప్పటికే అలలు దాటిపోయినవి నాలుగు. వాటిలో వెనకున్న బోటు అక్క వాళ్ళది. అంచుకి పసుపు రంగు వేసి ఉండేది కాబట్టి గుర్తుపట్టాను. మోకాళ్ళ లోతు నీళ్ళలోకి దిగి, చున్నీ తీసి ఊపాను. గొంతు చించుకుని అరిచాను. బోటు వెనక నిలబడి ఉన్న మనిషి నన్ను చూశాడు. చెయ్యెత్తి తనూ ఊపాడు. మైకు మేడంగారు సరదాగా ఒడ్డుకొచ్చి పలకరిస్తోందనుకుని ఉంటాడు. ఇంజను చప్పుడు సన్నగిల్లిపోయింది.

ఇంకో బోటులో వెళ్ళి వెనక్కి పిలవమని ఒడ్డున ఉన్నవాళ్ళని అడిగాను. ఇద్దరు కుర్రాళ్ళు బయల్దేరారు కానీ అందుకోలేక తిరిగి వచ్చేశారు. మా పరిశోధన బోటు గుర్తొచ్చింది. ఇంజను విప్పి షెడ్డులో పడేసి ఉన్న సంగతి దాని వెంటే గుర్తొచ్చింది.

స్టేషన్‌కి వచ్చేసరికి లంచ్ నడుస్తోంది. అక్క చెమటలు కారుతుండగా వడ్డిస్తోంది. నన్ను చూసి, "ఏంటండి, బట్టలన్నీ తడిసిపోయాయి" అంది. పక్కకి పిలిచి చెప్పాను. ఆమె గరిటె కింద పెట్టి, నడుముకి దోపుకున్న సంచీలోంచి ఫోన్ తీసింది. ఇంట్లో ఉన్నది ఆ ఒక్క ఫోనే, పనిలోకి వచ్చేటప్పుడు ఆమె తెచ్చుకునేది.

"ఇందాక వేపుడు వేయిస్తుంటే ఇది టింగుమందండి. కంపెనీవాళ్ళ మెసేజ్ అనుకున్నాను. ఇదేనా?"

నా చేతికిచ్చింది. నేను పంపిందే. ఇంగ్లీషులో మూడు లైన్లు. నేను చూసి తలూపాను. ఆమె ఏప్రన్ విప్పి టేబుల్ మీద పెట్టి ఒడ్డుకి నడిచి వెళ్ళిపోయింది. వెనక నుంచి క్యాంటీన్ మేనేజరు, "ఇంకా స్వీటు వడ్డించలేదు" అని అరుస్తున్నాడు.

సాయంత్రానికి సముద్రం రంగు మారిపోయింది. గాలికి సరుగుడు చెట్లు పడుకుని లేస్తున్నాయి. ఒడ్డున పల్లె అంతా నిలబడి ఉంది. ఆడవాళ్ళు గంగమ్మ తల్లికి మొక్కుకుంటున్నారు. నేను నాకు తెలిసిన ప్రార్థన చేసుకున్నాను. చీకటి పడేలోపు రెండు బోట్లు ఎలాగో వచ్చి ఒడ్డుకి కొట్టుకున్నాయి. మూడోది కాకినాడ పోర్టు వైపు వెళ్ళి తప్పించుకుందని ఫోన్ వచ్చింది. పసుపు అంచు బోటు రాలేదు.

మర్నాడు మధ్యాహ్నానికి అక్క తమ్ముడు దొరికాడు. ఖాళీ డీజిల్ డబ్బా పట్టుకుని తేలుతుంటే వేరే ఊరి బోటువాళ్ళు చూసి ఎక్కించుకున్నారు. ఆసుపత్రిలో అతను చెప్పిందంతా ఒకటే. "మేం బయల్దేరే ముందు కూడా చెవి పెట్టి విన్నామండి. ఆగు ఆగు అని బావ కాసేపు ఆపాడు కూడా. మైకు మోగలేదు. బాగానే ఉందనుకున్నాం." అక్క భర్త ఆ తర్వాత దొరికాడు, మడ అడవుల వైపు. గుర్తుపట్టడానికి అక్కని రానివ్వలేదు, తమ్ముడే మంచం మీంచి లేచి వెళ్ళాడు.

విలేకరులు వచ్చారు. డైరెక్టర్‌గారు వాళ్ళతో చాలా బాధగా మాట్లాడారు, ఆ బాధ నటన అనిపించలేదు నాకు. "మా సంస్థ నుంచి హెచ్చరిక ముందే వెళ్ళింది. మృతుడి కుటుంబం ఫోన్‌కి కూడా మెసేజ్ చేరింది. దురదృష్టం" అన్నారు. అందులో ఒక్క అబద్ధం కూడా లేదు. మైకు గురించి ఎవరూ అడగలేదు, ఆయన చెప్పలేదు. ఆ సాయంత్రం నేను ఆయన గదికి వెళ్ళాను.

"సార్, ఆ రోజు మీటింగులో మీరు మైకు మోగకపోతే వెళ్ళొచ్చని చెప్పారు."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "గుర్తుందమ్మా. నేను మాత్రం కావాలని చేశానా? ఇప్పుడు అదంతా తవ్వితే ఎవరికి లాభం? సంస్థకి మచ్చ తప్ప. ఆమెకి ఇక్కడ ఉద్యోగం ఉంటుంది, నేను చూసుకుంటాను."

కొన్నాళ్ళకి విచారణకి పైనుంచి ముగ్గురు వచ్చారు. మా గెస్ట్‌హౌస్‌లోనే దిగారు. అక్క అప్పటికి పనిలో చేరింది. నుదుటన బొట్టు లేదు. వచ్చినవాళ్ళకి మంచి భోజనం పెట్టాలని, ఆమె చేత్తోనే చేయించాలని క్యాంటీన్ మేనేజరు పట్టుబట్టాడు. తన భర్త ఎలా పోయాడో తేల్చడానికి వచ్చినవాళ్ళకి ఆమె వంజరం వేపింది, చందువ పులుసు పెట్టింది, కొసరి వడ్డించింది. వాళ్ళు మెచ్చుకున్నారు. ఆమె ఎవరో వాళ్ళకి ఎవరూ చెప్పలేదు. నేను చెబుదామని లేచాను. అక్క నా వైపు చూసి, వద్దని తల అడ్డంగా ఊపింది. కూర్చున్నాను.

భోజనాల తర్వాత నన్ను పిలిచారు. నేను జరిగింది జరిగినట్టు చెప్పాను. మీటింగులో అన్న మాట, తీసుకెళ్ళిన పెట్టె, తలుపు దగ్గర ఆపడం, విప్పేసిన బోటు ఇంజను, ఇంగ్లీషు మెసేజ్. మధ్యలో కూర్చున్న పెద్దాయన సావధానంగా విన్నాడు.

"మీరు చాలా బాధలో ఉన్నారు, అర్థమవుతోంది. కానీ మెసేజ్ వెళ్ళిన మాట నిజమే కదా?" అన్నాడు.

"నిజమే సార్. నేనే పంపాను."

"అంటే సేవ ఆగలేదు."

సేవ ఆగలేదు. మనిషి పోయాడు. రెండూ వాళ్ళకి పక్కపక్కనే కూర్చోగలిగాయి.

హెచ్చరిక సకాలంలో అందించారని, సేవల్ని ఇంకా బలోపేతం చేయాలని వాళ్ళు తేల్చారు. బలోపేతం నిజంగానే జరిగింది. కొత్త స్పీకర్లు, సోలార్ ప్యానెల్, టవరు వచ్చాయి. రిబ్బను కత్తిరించారు. నన్ను మ్యూజియంకి మార్చారు. బడి పిల్లలొస్తే సీసాల్లోని చేపల పేర్లు చెప్పడం నా పని. ఏడాది చివర్లో కాంట్రాక్టు పొడిగించలేదు. కారణం ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. నాన్న వచ్చి సామాను ఆటోలో ఎక్కించారు. దారిలో ఒకే ఒక్క మాటన్నారు, "నువ్వు చెప్పాల్సింది చెప్పావు" అని. ఆ మాట నాకు ఊరటగా ఉండాలి. ఉండలేదు. చెప్పడం వల్ల ఏం ఒరిగిందో చూశాను కదా.

ఆ విచారణ జరిగిన రోజు గిన్నెలన్నీ కడిగి బోర్లించి వెళ్ళిన అక్క మళ్ళీ పనిలోకి రాలేదని నాకు అప్పట్లోనే తెలుసు. కబురు పంపినా రాలేదట. నేను రెండుసార్లు ఇంటికి వెళ్ళాను, తలుపు వేసి ఉంది. ఆ తర్వాతి వానాకాలంలో వాళ్ళ వరస ఇళ్ళన్నీ సముద్రంలో కలిసిపోయాయి. లోపలికి, కాలవ గట్టు దాటాక, కాలనీలో స్థలం ఇచ్చారని విన్నాను.

నిడదవోలులో ఒక ప్రైవేటు స్కూల్లో సైన్స్ చెబుతున్నాను ఇప్పుడు. పోయిన వేసవి సెలవుల్లో కాకినాడలో పెళ్ళికి వెళ్ళినప్పుడు, మనసు ఆగక ఆ కాలనీ వెతుక్కుంటూ వెళ్ళాను. మధ్యాహ్నం ఎండ మండిపోతోంది. అక్క అప్పుడే రొయ్యల ఫ్యాక్టరీ నుంచి షిఫ్టు అయి వచ్చింది. పొద్దుటి నుంచి ఐసులో రొయ్యలు ఒలిచి ఒలిచి వేళ్ళు తెల్లగా నానిపోయి, కొసల్లో పగిలి ఉన్నాయి. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు. ప్లాస్టిక్ కుర్చీ వేసి, స్టీలు గ్లాసుతో మంచినీళ్ళిచ్చింది.

తమ్ముడు ఎలా ఉన్నాడని అడిగాను. చెన్నై వెళ్ళిపోయాడంది, ఏదో బిల్డింగు పనికి. సముద్రం వైపు చూడడం కూడా మానేశాడట. కూతురు తొమ్మిదో తరగతి. వంట ఇంకా చేస్తున్నారా అని అడిగాను.

"పప్పు, చారు చేసుకుంటామండి. చేపలు వండడం మానేశాను."

బయట ఎవరో కొళాయి దగ్గర బిందెలు పెడుతున్న చప్పుడు. ఆ రోజు నేను వంటగదిలోకి ముందే వచ్చి ఉంటే, లేదా ఒడ్డుకి ఇంకాస్త ముందే వెళ్ళి ఉంటే అని నేను మొదలుపెట్టబోయాను. ఆమె చెయ్యెత్తి ఆపింది.

"మీ తప్పేం లేదండి. అది నాకు తెలుసు. పల్లెలో అందరికీ తెలుసు. మీరు నీళ్ళలో దిగి చున్నీ ఊపిన సంగతి మా తమ్ముడు చెప్పాడు."

"అక్కా..."

"బావ మిమ్మల్ని చూసి నవ్వాడంట. మైకు మేడంగారు ఎప్పుడూ లేంది ఒడ్డుకి వచ్చింది ఈ రోజు అన్నాడంట. వాడు చెప్తూ ఏడ్చాడండి."

తమ్ముడి నోటి మాటనే ఆమె అలాగే చెప్పింది, బావ అని. ఆమె కళ్ళు పొడిగానే ఉన్నాయి. నావి అలా లేవు.

"ఒక మాట చెప్తాను, ఏమనుకోకండి," అంది ఆమె. "మీ గొంతు వింటే నాకు ఒంట్లో బాగుండదండి. మీరు మంచివాళ్ళే. కానీ మీరు మాట్లాడుతుంటే ఆ రోజు ఈ గొంతు ఎందుకు వినపడలేదా అనే అనిపిస్తుంది. ఇంకేమీ అనిపించదు. ఇంక ఇటు రాకండి."

సరేనన్నాను. గ్లాసు కింద పెట్టి లేచాను. ఆమె గుమ్మం దాకా వచ్చింది, మంచీ చెడూ తెలిసిన మనిషి కాబట్టి వచ్చింది. బస్సు ఎక్కడ ఆగుతుందో చెప్పింది. గట్టు మీద నీడ లేదు, గొడుగు లేకుండా ఇంత ఎండలో ఎలా వచ్చారండి అంది. లోపలికి వెళ్ళి ఒక పాత తువ్వాలు తడిపి తెచ్చి నా చేతికిచ్చింది, తల మీద వేసుకోమని. తిరిగి ఇవ్వక్కర్లేదంది.